జింకకు లేని సరిహద్దు వేటగాడికి ఎందుకు?

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో రెడ్ డెజర్ట్ అనే ఎడారి ప్రాంతం ఉంది. 2016లో అక్కడ పరిశోధకులు ఒక ఆడ జింకను పట్టుకుని, మెడకు జీపీఎస్ కాలర్ తగిలించి వదిలిపెట్టారు. దానికి పేరేమీ పెట్టలేదు. 255 అనే నంబరు మాత్రం ఇచ్చారు. చలికాలం ముగిసి మంచు కరగడం మొదలుకాగానే ఆ జింక లేత గడ్డిని వెతుక్కుంటూ ఉత్తరం వైపు నడక సాగించింది. కొండలు, నదులు, రోడ్లు, కంచెలు దాటుకుంటూ చివరికి పక్క రాష్ట్రమైన ఐడహోలోని ఐలండ్ పార్క్ అనే చోటికి చేరింది. అది నడిచిన దూరం 242 మైళ్లు, అంటే దాదాపు 390 కిలోమీటర్లు. విజయవాడ నుంచి విశాఖపట్నానికి రోడ్డు మీద వెళ్లే దూరం కన్నా ఎక్కువే. మ్యూల్ డీర్ అనే ఆ జాతి జింకల్లో ఇప్పటి వరకు నమోదైన వలసల్లో ఇదే అత్యంత పొడవైనది.

రాష్ట్ర సరిహద్దు దాటేటప్పుడు 255ను ఎవరూ ఆపలేదు. ఏ ఊరి దానివని అడగలేదు. కానీ అదే సరిహద్దును ఒక వేటగాడు దాటితే మాత్రం లెక్క పూర్తిగా మారిపోతుంది. వయోమింగ్‌లో నివసించే వ్యక్తి జింకను వేటాడేందుకు కట్టే లైసెన్సు రుసుము 42 డాలర్లు. పక్క రాష్ట్రం నుంచి వచ్చినవాడు అదే జింకకు 374 డాలర్లు కట్టాలి. లాటరీలో అవకాశం కాస్త మెరుగుపడాలనుకుంటే 'స్పెషల్' లైసెన్సు ఉంది, దాని ధర 1,200 డాలర్లు. జింక అదే, అడవి అదే, వేట రోజులూ అవే. మారేది వేటగాడి చిరునామా ఒక్కటే.

ఈ తేడా న్యాయమా, అన్యాయమా అన్న తగవు అమెరికాలో దశాబ్దాలుగా నడుస్తోంది. పైకి ఇది వేటగాళ్ల గొడవలా కనిపిస్తుంది. లోపలికి వెళ్లి చూస్తే అసలు ప్రశ్నలు వేరే ఉన్నాయి. వన్యప్రాణి ఎవరి సొత్తు? దాన్ని కాపాడే ఖర్చు ఎవరు భరించాలి?

ట్యాగ్ అంటే ఏమిటి?

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత జింకల వేట నేరం. అందువల్ల వేటకు లైసెన్సు ఇవ్వడం అన్న మాటే మనకు వింతగా తోస్తుంది. వేట తగునా తగదా అన్నది వేరే చర్చ. ఇక్కడ మనం చూస్తున్నది అమెరికా ఎంచుకున్న పద్ధతి ఎలా పనిచేస్తుందన్నది.

ఆ దేశంలో జింకలను వేటాడాలంటే ముందు లైసెన్సు, దానితో పాటు ట్యాగ్ ఉండాలి. ఒక ట్యాగ్ ఒక జంతువుకే చెల్లుతుంది. ఏ ప్రాంతంలో, ఏ తేదీల మధ్య, ఏ ఆయుధంతో, మగదాన్నా ఆడదాన్నా అన్నదంతా నిబంధనల్లో ఉంటుంది. వేట పూర్తికాగానే ఆ ట్యాగ్‌ను చెల్లినట్టు గుర్తించాలి. రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఏటా జింకల సంఖ్యను అంచనా వేసి, ఎన్నింటిని వేటాడితే మంద దెబ్బతినకుండా ఉంటుందో లెక్కగట్టి, దాన్నిబట్టి ట్యాగ్‌ల సంఖ్య నిర్ణయిస్తుంది. దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ వేస్తారు. లాటరీలో పేరు రానివారికి కొన్ని రాష్ట్రాల్లో 'ప్రిఫరెన్స్ పాయింట్లు' జమవుతాయి. ఎన్ని పాయింట్లుంటే మరుసటి ఏడు వరసలో అంత ముందుంటారు.

ఇక్కడ 'స్థానికేతరుడు' అంటే విదేశీయుడని కాదు. అమెరికా పౌరుడే, పక్క రాష్ట్రంవాడే అయినా స్థానికేతరుడే. తెలుగు పాఠకులకు ఇది అర్థంకాని విషయం కాదు. 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల కింద విద్యాసంస్థల్లో 85 శాతం సీట్లు స్థానికులకు కేటాయించడం, లోకల్, నాన్ లోకల్ అన్న మాటల చుట్టూ సాగిన వాదనలు మనకు కొత్తేమీ కాదు. అమెరికాలో పిల్లలను చదివిస్తున్న తెలుగు కుటుంబాలకైతే ఇన్ స్టేట్, అవుటాఫ్ స్టేట్ ఫీజుల తేడా బాగా తెలుసు. వేటలోనూ అదే తరహా లెక్క. స్థానికుడిగా గుర్తింపు పొందాలంటే మోంటానాలో 180 రోజులు, వయోమింగ్‌లో ఏడాది పాటు నివాసం ఉండాలి.

ఎవరి జింక?

ఇంగ్లండులో ఒకప్పుడు అడవి జంతువులు రాజుగారివి, జమీందార్లవి. అమెరికా ఆ సంప్రదాయాన్ని కాదని, వన్యప్రాణులు ప్రజలందరి ఉమ్మడి ఆస్తి అనీ, ప్రభుత్వం దానికి ధర్మకర్త మాత్రమే అనీ భావించింది. అయితే ఏ ప్రజలు? దేశ ప్రజలా, రాష్ట్ర ప్రజలా? 1896లో గీర్ వర్సెస్ కనెటికట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రజలవైపే మొగ్గింది. 1979లో మరో కేసులో ఆ తీర్పును తానే తోసిపుచ్చినా, తమ పరిధిలోని వన్యప్రాణులను కాపాడుకునే అధికారం రాష్ట్రాలకు ఉందన్న విషయాన్ని మాత్రం ఒప్పుకుంది.

ఈ అధికారం రాష్ట్రాల చేతికి వచ్చిన కాలానికి జింకల పరిస్థితి దయనీయంగా ఉండేది. మాంసం, తోళ్ల కోసం అడ్డూ అదుపూ లేకుండా సాగిన వేట వల్ల 1900 ప్రాంతానికి అమెరికాలో తెల్లతోక జింకలు దాదాపు 5 లక్షలకో, అంతకన్నా తక్కువకో పడిపోయాయని అంచనా. ఇవాళ వాటి సంఖ్య సుమారు 3 కోట్లు. అక్రమంగా వేటాడిన జంతువులను రాష్ట్రాలు దాటించి అమ్మడాన్ని నిషేధిస్తూ 1900లో వచ్చిన లేసీ చట్టం, వేట రోజులపై, సంఖ్యపై పరిమితులు, జింకలను కొత్త చోట్లకు తరలించి పెంచడం, ఇవన్నీ కలిసి ఈ మార్పు తెచ్చాయి.

వీటన్నిటికీ డబ్బు కావాలి. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం దానికొక దారి చూపింది. వేట తుపాకులు, తూటాలపై వసూలు చేసే 11 శాతం ఎక్సైజ్ పన్నును ఈ చట్టం వన్యప్రాణుల సంరక్షణకు మళ్లించింది. రాష్ట్రాలకు పంచేటప్పుడు సగం విస్తీర్ణాన్ని బట్టి, సగం ఆ రాష్ట్రంలో లైసెన్సు కొన్నవారి సంఖ్యను బట్టి ఇస్తారు. రాష్ట్రం 25 శాతం పెట్టుకుంటే కేంద్రం 75 శాతం ఇస్తుంది. అంటే తన వాటా పరిధిలో రాష్ట్రం పెట్టే ప్రతి డాలరుకు కేంద్రం నుంచి మూడు డాలర్లు వస్తాయి. పైగా లైసెన్సు రుసుముల సొమ్మును వన్యప్రాణి శాఖ పనులకు తప్ప వేరే దేనికీ వాడబోమని రాష్ట్రం చట్టం చేసుకోవాలి. అలా చేయకపోతే కేంద్ర నిధి రాదు. ఈ ఏర్పాటు వల్ల జింకల సంరక్షణ బరువు చాలావరకు వేటగాళ్ల జేబుల మీద, అందులోనూ స్థానికేతరుల జేబుల మీద పడింది. వయోమింగ్ వంటి చోట్ల లైసెన్సుల ఆదాయంలో సింహభాగం వారిదే.

కొరత ఉన్నది మగ జింకలకే

జింకలు 3 కోట్లు ఉంటే ట్యాగ్‌ల కోసం ఈ పోటీ ఎందుకు? దీనికి జవాబు జీవశాస్త్రంలో ఉంది.

జింకల్లో ఒక మగది అనేక ఆడవాటితో జతకడుతుంది. కాబట్టి మగ జింకలు కొన్ని తగ్గినా వచ్చే ఏడు పుట్టే పిల్లల సంఖ్య పెద్దగా తగ్గదు. ఆడ జింకలు తగ్గితే మాత్రం మంద వెంటనే చిక్కిపోతుంది. అందుకే మంద పెరగాలంటే ఆడవాటి ట్యాగ్‌లను బిగిస్తారు, తగ్గాలంటే వదులు చేస్తారు. అమెరికా తూర్పు రాష్ట్రాల్లో చాలాచోట్ల తెల్లతోక జింకలు మితిమీరి, అడవిలో కొత్త మొక్కలను ఎదగనివ్వకుండా మేసేస్తున్నాయి. రోడ్డు ప్రమాదాలకూ కారణమవుతున్నాయి. అక్కడ ఆడ జింకను వేటాడతామంటే అధికారులు సంతోషంగా ట్యాగ్ ఇస్తారు.

వేటగాళ్లు సంవత్సరాల తరబడి వేచి ఉండేది మాత్రం పెద్ద కొమ్ముల మగ జింక కోసం. మన కృష్ణజింక కొమ్ములు జీవితాంతం ఉంటాయి. మన దుప్పికైనా, అమెరికా జింకలకైనా కొమ్ములు రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. మగ జింకకు వయసు వచ్చేకొద్దీ, మేత బాగుండేకొద్దీ ఆ కొమ్ములు పెద్దవవుతాయి. అంటే పెద్ద కొమ్ములు కావాలంటే మగ జింకలను కొన్నేళ్లు బతకనివ్వాలి, ట్యాగ్‌లు తక్కువ ఇవ్వాలి. వయోమింగ్‌లో సాధారణంగా 100 ఆడ జింకలకు 20 నుంచి 29 మగవి ఉండేలా చూస్తారు. ప్రత్యేక ప్రాంతాల్లో అది 30 నుంచి 45. ఈ రెండో లక్ష్యం మంద మనుగడకు తప్పనిసరి కాదు. అది వేటగాళ్ల ఇష్టానికి సంబంధించింది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మంద నుంచి ఎన్ని జింకలను తీయవచ్చో విజ్ఞానశాస్త్రం చెప్పగలదు. వాటిలో స్థానికుడికి ఎన్ని, బయటివాడికి ఎన్ని, ఏ ధరకు అన్నది శాస్త్రం చెప్పదు. అది సమాజం తేల్చుకోవాల్సిన విషయం. అందుకే ఒక్కో రాష్ట్రం ఒక్కోలా తేల్చుకుంది. వయోమింగ్‌లో పరిమిత ట్యాగ్‌లున్న ప్రాంతాల్లో 20 శాతం బయటివారికి ఇస్తారు. న్యూ మెక్సికోలో లాటరీ ట్యాగ్‌లలో 84 శాతం స్థానికులకు, 10 శాతం గైడును కుదుర్చుకున్నవారికి, 6 శాతం గైడు లేని స్థానికేతరులకు. పెద్ద కొమ్ముల తెల్లతోక జింకలకు పేరుపొందిన అయోవాలో మగదాన్నైనా ఆడదాన్నైనా వేటాడే వీలున్న లైసెన్సులు బయటివారికి రాష్ట్రం మొత్తం మీద 6,000 మాత్రమే. వాటి కోసం పాయింట్లు కూడబెట్టుకుంటూ ఏళ్ల తరబడి ఆగాలి. టెక్సస్‌లో మాత్రం అసలు కోటా లేదు. స్థానికుడు 25 డాలర్లు, బయటివాడు 315 డాలర్లు కడితే లైసెన్సుతో పాటే జింకల ట్యాగ్‌లూ వచ్చేస్తాయి. కానీ అక్కడి భూమిలో 95 శాతానికి పైగా ప్రైవేటు యజమానులది. లైసెన్సు దొరికినా వేటాడే చోటు కోసం యజమానికి విడిగా చెల్లించుకోవాలి.

రెండు వైపుల వాదన

స్థానికుల మాట సూటిగా ఉంటుంది. "ఈ జింకలు ఏడాది పొడవునా మా పొలాల్లో మేస్తాయి, మా కంచెలు తొక్కుతాయి, మా కార్లకు అడ్డం వస్తాయి. రోడ్లకు, పోలీసులకు, భూముల రక్షణకు పన్నులు కడుతున్నది మేము. తక్కువ జీతాలైనా ఇక్కడే ఉండిపోయింది ఈ కొండల కోసమే. ఏడాదికి ఒక వారం వచ్చేవాడికీ మాకూ ఒకే వాటా ఎలా?" చాలా కుటుంబాలకు ఆ మాంసమే చలికాలపు తిండి కూడా.

స్థానికేతరుల మాటలోనూ బలం ఉంది. వయోమింగ్ భూమిలో దాదాపు సగం కేంద్ర ప్రభుత్వానిది. దాని నిర్వహణకు దేశమంతటా పన్ను కట్టేవాళ్లు డబ్బిస్తున్నారు. అయినా ఆ రాష్ట్రంలో కేంద్రం 'వైల్డర్‌నెస్'గా ప్రకటించిన ప్రాంతాల్లో స్థానికేతరులు పెద్ద జంతువులను వేటాడాలంటే వెంట గైడు ఉండి తీరాలి. అదే వ్యక్తి అక్కడ ఒంటరిగా ట్రెక్కింగ్ చేసినా, చేపలు పట్టినా అభ్యంతరం లేదు. ఎక్కువ కట్టేది తాము, తక్కువ దక్కేది తమకు, సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టుంది అని వారి బాధ.

అయోవాలో భూమి కొనుక్కుని వేరే రాష్ట్రంలో ఉంటున్నవారిది మరో రకం ఫిర్యాదు. జింకలు మేస్తున్నది తమ పొలంలోనే అయినా తమకు స్థానికుల హక్కు లేదు. 2013లో అయోవా సుప్రీంకోర్టు కూడా భూమి ఉన్నంత మాత్రాన నివాసి అయిపోరని తేల్చింది.

వీరిద్దరి మధ్య మూడో పక్షం ఒకటుంది. గైడులు, మోటళ్లు, పెట్రోలు బంకులు, మాంసం కోసి ప్యాక్ చేసే చిన్న దుకాణాలు. మారుమూల ఊళ్లలో శరదృతువు నెలల్లో వచ్చే బయటి వేటగాళ్ల ఖర్చే వీరికి ప్రధాన ఆదాయం. స్థానికులే అయినా వీరు తరచుగా స్థానికేతరుల కోటా పెంచమంటారు.

కోర్టు మెట్లెక్కిన తగవు

1976లో మోంటానాలో స్థానికుడు జింక కుటుంబానికే చెందిన ఎల్క్‌ను 9 డాలర్ల లైసెన్సుతో వేటాడగలిగేవాడు. బయటివాడు అనేక జంతువులకు కలిపి ఇచ్చే 225 డాలర్ల లైసెన్సు కొనాల్సిందే. స్థానికులకు అలాంటి ఉమ్మడి లైసెన్సు 30 డాలర్లు. మోంటానాకే చెందిన ఒక వేట గైడు, నలుగురు మిన్నెసోటా వాసులు కోర్టుకెళ్లారు. 1978లో సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో రాష్ట్రానికి అనుకూలంగా తీర్పిచ్చింది. బతుకుతెరువు విషయంలో రాష్ట్రాలు ఇతర రాష్ట్రాల పౌరులపై వివక్ష చూపకూడదు, కానీ ఎల్క్ వేట బతుకుతెరువు కాదు, వినోదం అన్నది ఆ తీర్పు సారం.

కథ అక్కడితో ఆగలేదు. మేలైన కొన్ని జింక, ఎల్క్ ట్యాగ్‌లలో బయటివారికి 10 శాతం మించి ఇవ్వబోమన్న అరిజోనా నిబంధనను న్యూ మెక్సికో గైడులు సవాలు చేశారు. ఇది రాష్ట్రాల మధ్య వ్యాపారాన్ని అడ్డుకోవడమే అన్నది వారి వాదన. 2002లో అప్పీళ్ల కోర్టు ఆ వాదనలో పస ఉందని ఒప్పుకుంది. పశ్చిమ రాష్ట్రాలన్నీ ఉలిక్కిపడ్డాయి. చివరికి 2005లో నెవాడా సెనేటర్ హ్యారీ రీడ్ చొరవతో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. స్థానికులకు, స్థానికేతరులకు వేర్వేరు వేట నిబంధనలు పెట్టే అధికారం రాష్ట్రాలదేనని అందులో స్పష్టం చేసింది. చట్టం వరకు తగవు అలా తేలింది. ధర ఎంతన్న తగవు మాత్రం మిగిలింది.

ధర పెంచితే ఏమవుతుంది?

దీనికి మోంటానాలో ఒక సహజ ప్రయోగమే జరిగింది. గైడులతో వచ్చే బయటివారికి లాటరీ లేకుండా దొరికే లైసెన్సులను రద్దు చేయాలని 2010 నవంబరులో అక్కడి ఓటర్లు తీర్పిచ్చారు. దాంతో పాటే స్థానికేతరుల జింక లైసెన్సు 328 డాలర్ల నుంచి 527కు, ఎల్క్, జింక రెండూ కలిసిన లైసెన్సు 628 నుంచి 897కు పెరిగాయి. అంతవరకు లాటరీ వేస్తే తప్ప దొరకని ఆ లైసెన్సులు మరుసటి ఏడాది అమ్ముడుపోక మిగిలాయి. 2008 నాటి ఆర్థిక మాంద్యం ప్రభావం కూడా అందులో ఉండవచ్చు. కొన్నేళ్లకు గిరాకీ పుంజుకుని మళ్లీ లాటరీ రోజులొచ్చాయి. ధర పెంచిన ప్రతిసారీ ఆదాయం పెరిగి తీరుతుందన్న నమ్మకం లేదని అధికారులకు అప్పుడు అర్థమైంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ధర పెంచితే వరస తగ్గుతుంది గానీ, ఆ వరసలో మిగిలేది డబ్బున్నవారే. రాజుల వేటను కాదని మొదలైన పద్ధతి మళ్లీ సంపన్నుల వేట దగ్గరికే చేరుతోందన్న విమర్శ అందుకే వస్తోంది.

జింకకు కష్టమొచ్చిన ఏడాది

ఈ ఏర్పాటులోని అసలు లోపం 2022-23 చలికాలంలో బయటపడింది. ఆ ఏడాది పశ్చిమ వయోమింగ్‌లో మంచు లోతుగా పేరుకుని, గట్టిపడి, మేత అందకుండా పోయింది. వయోమింగ్ రేంజ్ అనే కొండల్లోని మ్యూల్ డీర్ మందలో పరిశోధకులు కాలర్లు వేసిన పిల్లల్లో ఒక్కటీ మిగల్లేదు. పెద్ద ఆడ జింకల్లోనూ సగానికి పైగా చనిపోయాయి. చేయాల్సిన పని ఏమిటో స్పష్టమే. ట్యాగ్‌లు తగ్గించాలి. ఆ ప్రాంతంలో స్థానికేతరుల కోటాను కోశారు, వేట రోజులూ తగ్గించారు.

కానీ ఒక బయటి ట్యాగ్ తగ్గితే శాఖకు పోయే ఆదాయం తొమ్మిది స్థానిక ట్యాగ్‌లకు సమానం. అంటే జింకలకు ఎక్కువ ఖర్చు పెట్టాల్సిన ఏడాదే చేతిలో డబ్బు తగ్గుతుంది. వలస దారుల్లో కంచెలు సరిచేయాలన్నా, రోడ్ల కింద సొరంగ మార్గాలు కట్టాలన్నా, కాలర్లు వేసి గమనించాలన్నా ఖర్చే. దీనికి తోడు జింకల మెదడును తొలిచే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే ప్రియాన్ వ్యాధి ఉంది. 1967లో కొలరాడోలో బందీగా పెంచుతున్న జింకల్లో మొదట కనిపించిన ఈ వ్యాధి ఇప్పుడు 30కి పైగా రాష్ట్రాలకు పాకింది. దీనికి మందు లేదు. వ్యాధి ఎక్కడుందో కనిపెట్టేందుకు పరీక్షించే నమూనాల్లో అధికభాగం వేటాడిన జింకలవే. కాబట్టి వేటగాళ్లు తగ్గితే డబ్బే కాదు, సమాచారమూ తగ్గుతుంది. మరోవైపు వేటాడిన జింక తల, వెన్నెముక వంటివి రాష్ట్రం దాటితే వ్యాధి కూడా దాటవచ్చన్న భయంతో అనేక రాష్ట్రాలు వాటి రవాణాపై ఆంక్షలు పెట్టాయి. ఆ ఆంక్షల బరువూ ఎక్కువగా దూరం నుంచి వచ్చినవారి మీదే.

ఈ ముడి విప్పే మార్గాలు లేకపోలేదు. మిస్సోరి ఓటర్లు 1976లోనే అమ్మకపు పన్నులో ఒక శాతంలో ఎనిమిదో వంతును ప్రకృతి సంరక్షణకు కేటాయించారు. వేటాడేవారూ, వేటను ఇష్టపడనివారూ, దుకాణానికి వెళ్లే ప్రతి ఒక్కరూ అందులో భాగస్వాములే. 1996లో ఆర్కన్సా అదే దారిలో నడిచింది. దేశం మొత్తానికి అటువంటి నిధి ఏర్పాటు చేసే బిల్లును 2022లో ప్రతినిధుల సభ ఆమోదించినా, సెనేట్‌లో అది గట్టెక్కలేదు.

ఈ చర్చ మనకు దూరపు సంగతేమీ కాదు. తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింక, ఆంధ్రప్రదేశ్‌ది కృష్ణజింక. మనం వేటను మూసేసి, వాటి సంరక్షణ ఖర్చును ప్రధానంగా ప్రభుత్వ ఖజానా మీద పెట్టుకున్నాం. మంద తగ్గినా నిధి తగ్గకుండా ఉండే వీలు ఈ పద్ధతిలో ఉంది. అయితే కృష్ణజింకల గుంపు చేలో పడితే నష్టపోయే రైతుకు, ఆ జింకను ఫొటోలో చూసి మురిసిపోయే నగరవాసికి మధ్య లెక్క మన దగ్గరా సరిగా తేలలేదు. అమెరికాలో ఆ లెక్క ట్యాగ్ మీద అంకెల్లో కనిపిస్తుంది, మన దగ్గర కనిపించదు. వయోమింగ్‌లోనైనా, కర్నూలు పొలాల్లోనైనా జింక తిరిగేది మేత ఉన్న చోటల్లా. దాని బతుకు ఖర్చును ఎవరో ఒకరి చిరునామా మీద మాత్రమే వేస్తే, ఆ ఒక్కరికి గడ్డుకాలం వచ్చిన ఏడాది జింకకూ గడ్డుకాలమే అవుతుంది.